చెప్పిన మాట నిలబెట్టే క్యూ: పోస్ట్‌ఫిక్స్ పనితనం

ఒక మెయిల్ సర్వర్ మరో సర్వర్ నుంచి మెయిలంతా అందుకున్నాక చివర్లో 250 అని జవాబిస్తుంది. ఆ మూడంకెలతో బాధ్యత చేతులు మారుతుంది. పంపిన సర్వర్ తన దగ్గరున్న ప్రతిని చెరిపేసుకోవచ్చు. ఆ మెయిలును గమ్యానికి చేర్చడమో, చేర్చలేకపోతే ఆ సంగతి పంపినవారికి తెలియజేయడమో ఇక అందుకున్న సర్వర్ పూచీ. 1982 ఆగస్టులో జాన్ పోస్టెల్ రాసిన ఆర్‌ఎఫ్‌సి 821 పత్రం నాటినుంచీ మెయిళ్లు పంపుకునే పద్ధతి ఎస్‌ఎమ్‌టిపి ఈ ఒప్పందం మీదే నడుస్తోంది. అవతలి యంత్రం ఆగిపోయినా, దారిలో నెట్‌వర్క్ తెగినా మాట మాటే. అది నిలబెట్టుకోవాలంటే మెయిలును భద్రంగా ఒకచోట దాచి, వీలైనప్పుడల్లా మళ్లీ ప్రయత్నించాలి. ఆ దాచే చోటే క్యూ.

సర్వర్ నడిపేవారికి క్యూ గుర్తొచ్చేది మాత్రం కష్టకాలంలోనే. మెయిళ్లు పోవడం లేదని ఫోన్లు మొదలవుతాయి. చూస్తే క్యూ కొండవీటి చాంతాడంత పెరిగి ఉంటుంది. ఆ కంగారులో చేయి ముందు డిలీట్ కమాండ్ మీదికి పోతుంది. కానీ క్యూలో ఆగిన ప్రతి మెయిలూ తాను ఎందుకు ఆగిందో, ఎప్పటినుంచి ఆగిందో తన దగ్గరే రాసుకుని ఉంటుంది. చదవడం తెలిస్తే క్యూయే రోగ నిర్ధారణ చేసి పెడుతుంది. ఈ మాట ఎంత నిజమో పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్ ప్రోగ్రామును విప్పి చూస్తే తెలుస్తుంది.

పోస్ట్‌ఫిక్స్‌ను రాసినవారు వీట్సె వెనెమా. నెదర్లాండ్స్‌కు చెందిన ఆయన భౌతికశాస్త్రం చదివి కంప్యూటర్ భద్రత వైపు వచ్చారు. ఐబీఎం వారి థామస్ జె. వాట్సన్ పరిశోధన కేంద్రంలో ఉండగా దీన్ని తయారుచేశారు. 1998 డిసెంబరులో ఐబీఎం సెక్యూర్ మెయిలర్ అనే పేరుతో ఇది లోకానికి అందింది. అప్పటికి ఎక్కువ వాడుకలో ఉన్న సెండ్‌మెయిల్ ఒకే పెద్ద ప్రోగ్రాము, అదీ రూట్ అధికారంతో నడిచేది. అందులో ఒక్క లోపం దొరికితే యంత్రం మొత్తం పరుల చేతికి పోయేది. వెనెమా పనిని చిన్న చిన్న ప్రోగ్రాములకు పంచారు. బయటి సర్వర్లతో మాట్లాడి మెయిలు తీసుకునేది ఎస్‌ఎమ్‌టిపిడి. దాన్ని సరిచేసి ఫైలుగా రాసేది క్లీనప్. ఎప్పుడు ఏది పంపాలో నిర్ణయించేది క్యూ మేనేజర్. బయటికి మోసుకెళ్లేది ఎస్‌ఎమ్‌టిపి. అందని మెయిలు గురించి పంపినవారికి తెలిపేది బౌన్స్. వీటన్నిటినీ అవసరాన్ని బట్టి లేపేది మాస్టర్. ఏ ఒక్కటీ పక్కదాన్ని గుడ్డిగా నమ్మదు. ప్రతిదానికీ తన పనికి కావలసినంత అధికారమే ఉంటుంది.

ఇన్ని ప్రోగ్రాములు కలిసి పనిచేస్తున్నా మెయిళ్లను దాచడానికి డేటాబేస్ అంటూ ఏదీ లేదు. ఉన్నవి మామూలు డైరెక్టరీలు, వాటిలో మామూలు ఫైళ్లు. ఒక మెయిలు ఒక ఫైలు. అదే యంత్రంలోని ప్రోగ్రాములు పంపినవి ముందు మెయిల్‌డ్రాప్‌లో పడతాయి. కొత్తగా వచ్చేవన్నీ ఇన్‌కమింగ్‌లోకి చేరతాయి. పంపే పని జరుగుతున్నవి యాక్టివ్‌లో ఉంటాయి. ఒకసారి ప్రయత్నించి కుదరక ఆగినవి డిఫర్డ్‌లోకి వెళతాయి. నిర్వాహకుడు కావాలని ఆపి ఉంచినవి హోల్డ్‌లో ఉంటాయి. చదవడానికి వీల్లేకుండా పాడైన ఫైళ్లను పారేయకుండా కరప్ట్ అనే డైరెక్టరీలో పక్కన పెడతారు. మెయిలు ఏ డైరెక్టరీలో ఉందన్నదే దాని స్థితి. ఇన్‌కమింగ్‌లోకి చేరాక ఒక స్థితి నుంచి మరో స్థితికి మారడమంటే ఆ ఫైలును రీనేమ్ చేయడం. ఒకే ఫైల్‌సిస్టమ్‌లో రీనేమ్ అయితే పూర్తిగా జరుగుతుంది, లేకపోతే అసలు జరగదు. మధ్యలో కరెంటు పోయినా మెయిలు పాత చోటో కొత్త చోటో ఉంటుంది, రెంటికీ కాకుండా పోదు.

ఫైలుకు పేరు పెట్టడంలోనూ ఎంతో ఆలోచన ఉంది. ఆ క్షణంలోని మైక్రోసెకన్లను ఐదు హెక్స్ అంకెలుగా రాసి, వెనక ఆ ఫైలుకు ఫైల్‌సిస్టమ్ ఇచ్చిన ఐనోడ్ నంబరు తగిలిస్తారు. ఒక ఫైల్‌సిస్టమ్‌లో ఒకే సమయంలో రెండు ఫైళ్లకు ఒకే ఐనోడ్ ఉండదు. కాబట్టి వంద క్లీనప్‌లు ఏకకాలంలో రాస్తున్నా, ఒకదాన్నొకటి అడక్కుండానే దేని పేరు దానికి ప్రత్యేకంగా వస్తుంది. లాగ్‌లో కనిపించే క్యూ ఐడీ ఈ పేరే. లాగ్‌లో ఆ ఐడీ పట్టుకుని వెతికితే ఆ మెయిలు పుట్టుక నుంచి వీడ్కోలు దాకా కథంతా వరుసగా దొరుకుతుంది.

క్లీనప్ ఫైలును రాస్తున్నంతసేపూ దాని అనుమతి 0600. రాయడం పూర్తయ్యాక అది 0700 అవుతుంది. మెయిలును ప్రోగ్రాములాగా ఎవరూ నడపరు కనుక ఎగ్జిక్యూట్ బిట్‌కు ఇక్కడ వేరే పనేమీ లేదు. ఆ ఖాళీగా ఉన్న బిట్‌నే ‘ఈ మెయిలు సిద్ధం’ అనే గుర్తుగా వాడుకున్నారు. ఇన్‌కమింగ్‌లో 0600తో ఉన్న ఫైళ్ల జోలికి క్యూ మేనేజర్ వెళ్లదు. ఫైలు డిస్కు మీదికి చేరిందని ఆపరేటింగ్ సిస్టమ్‌తో ఖాయం చేసుకున్న తర్వాతే 250 అనే జవాబు బయటికి వెళుతుంది. అంతకుముందే కరెంటు పోతే జవాబు రాని అవతలి సర్వర్ తన ప్రతిని ఉంచుకుని మళ్లీ పంపుతుంది. కొన్నిసార్లు ఒకే మెయిలు రెండుసార్లు రావచ్చు గానీ మాయమైపోవడం ఉండదు.

ఇన్‌కమింగ్ నుంచి యాక్టివ్‌లోకి తీసుకునేది క్యూ మేనేజర్. యాక్టివ్‌కు మామూలుగా 20,000 మెయిళ్ల పరిమితి ఉంది. దానికి కారణం మెమరీ. డిఫర్డ్‌లో లక్షలు పేరుకున్నా వాటి బరువంతా డిస్కు మీదే ఉంటుంది. క్యూ మేనేజర్ తలలో మోసేది యాక్టివ్‌లో ఉన్నవాటిని మాత్రమే. యాక్టివ్‌లో చోటు దొరికినప్పుడు ఇన్‌కమింగ్ నుంచి ఒకటి, మళ్లీ ప్రయత్నించే వేళైన డిఫర్డ్ నుంచి ఒకటి, ఇలా వంతులవారీగా తీసుకుంటుంది. పాతవాటి పోగు కొత్తవాటి దారికి అడ్డుపడదు, కొత్తవాటి వెల్లువలో పాతవీ కొట్టుకుపోవు. పంపేదానికంటే వచ్చేది ఎక్కువైతే క్లీనప్ ఒక్కో మెయిలు దగ్గర ఒక సెకను ఆగుతుంది. వచ్చే వేగం దానంతట అదే తగ్గుతుంది.

డిఫర్డ్ పనితనం ఇంకా ముచ్చటైనది. ఒక మెయిలును మళ్లీ ఎప్పుడు ప్రయత్నించాలో ఎక్కడ రాసిపెట్టాలి? ప్రతి ఫైలుకూ చివరిసారి మార్చిన సమయం ఒకటి ఉంటుంది. క్యూ మేనేజర్ దాన్ని ముందున్న కాలానికి జరుపుతుంది. 300 సెకన్లకోసారి డిఫర్డ్‌ను గాలిస్తూ, సమయం ఇంకా రాని ఫైళ్లను తెరవకుండానే దాటిపోతుంది. ఎంత ముందుకు జరపాలన్నది మెయిలు వయసు మీద ఆధారపడుతుంది. ఐదు నిమిషాల నాటిదైతే ఇంకో ఐదు నిమిషాలకు, పది నిమిషాల నాటిదైతే ఇంకో పదికి, ఇరవైదైతే ఇంకో ఇరవైకి. ఇలా రెట్టింపవుతూ 4,000 సెకన్ల దగ్గర ఆగుతుంది. అవతల వచ్చింది చిన్న అంతరాయమైతే మెయిలు త్వరగా చేరుతుంది. పెద్ద అంతరాయమైతే, కోలుకుంటున్న సర్వర్ మీద పదే పదే పడి దాన్ని మళ్లీ కూలదోయకుండా ఉంటుంది. ఐదు రోజుల గడువులోపల దాదాపు వంద ప్రయత్నాలు జరుగుతాయి. అప్పటికీ అందకపోతే పంపినవారికి తిరుగు కబురు వెళుతుంది. గడువులోగా ఆలస్యం గురించి పంపినవారికి ఎలాంటి హెచ్చరికా పోదు, నిర్వాహకుడు ఆ ఏర్పాటు విడిగా చేస్తే తప్ప.

ఆగాలా, తిప్పి పంపాలా అన్నది అవతలి జవాబులోని మొదటి అంకె చెబుతుంది. 4 అయితే తాత్కాలికం, మళ్లీ రమ్మని అర్థం. కొన్ని సర్వర్లు తెలియని వారికి కావాలనే ముందు 4తో జవాబిస్తాయి. నిజమైన సర్వర్‌కు క్యూ ఉంటుంది కనుక మళ్లీ వస్తుంది, క్యూ లేకుండా చెత్త విసిరే ప్రోగ్రాములు సాధారణంగా మళ్లీ రావు. 5 అయితే శాశ్వతం, ఆగి లాభం లేదు. 2015లో వచ్చిన పోస్ట్‌ఫిక్స్ 3.0 నుంచి తెలుగు లిపిలో రాసిన చిరునామాలకూ మెయిలు పంపవచ్చు. అవతలి సర్వర్‌కు ఆ శక్తి లేదని తేలితే దాన్నీ శాశ్వతంగానే లెక్కిస్తుంది; ఐదు రోజులు నిరీక్షించదు, అప్పుడే తిప్పి పంపుతుంది.

ఒకే మెయిలు చాలామందికి వెళ్లాల్సినప్పుడు కొందరికి అంది కొందరికి అందకపోవచ్చు. అందినవారికి రెండోసారి పంపకూడదు. క్యూ ఫైలులో గ్రహీత చిరునామా ఒక్కోటీ ఆర్ అనే అక్షరంతో మొదలయ్యే రికార్డు. ఆ మనిషికి మెయిలు అందగానే ఆ ఆర్ మీద డి అని రాస్తారు. ఫైలంతా తిరగరాయనక్కరలేదు, మారేది ఒక్క అక్షరం. తర్వాతి ప్రయత్నంలో డి ఉన్నవాటిని దాటేసి ఆర్ ఉన్నవాటికే పంపుతారు.

యాక్టివ్‌లో ఉన్నవాటిలో ఎవరి వంతు ముందన్నది ఇంకో చిక్కు. పాత్రిక్ రాక్ రూపొందించిన షెడ్యూలర్ దీన్ని చక్కగా విప్పింది. పోస్టాఫీసు కిటికీ దగ్గర ఒకాయన వందల కవర్ల కట్టతో నిలబడ్డాడు, వెనక ఒకామె ఒకే కవరుతో ఉంది. గుమాస్తా కట్టలోంచి ఐదు తీసుకున్నప్పుడల్లా వెనకవారికి ఒక అవకాశం జమ చేస్తే కట్ట పని పెద్దగా ఆలస్యం కాదు, ఒంటి కవరు పని వెంటనే అవుతుంది. పోస్ట్‌ఫిక్స్ చేసేది ఇదే, దానిలో ముందే అమర్చిన లెక్కా ఐదుకు ఒకటే. ఒక గమ్యానికి ఒకేసారి ఎన్ని కనెక్షన్లన్న విషయంలోనూ ఇదే మర్యాద. ఐదుతో మొదలుపెట్టి, సజావుగా వెళుతుంటే ఇరవై దాకా పెంచుతుంది. విఫలమవుతుంటే తగ్గిస్తుంది. అవతల పూర్తిగా పలకడం లేదని తేలితే ఆ గమ్యానికి వెళ్లాల్సిన మిగతావాటిని కొంతసేపు ప్రయత్నించకుండానే డిఫర్డ్‌కు పంపుతుంది. లాగ్‌లో డెలివరీ టెంపరరిలీ సస్పెండెడ్ అని కనిపించేది ఈ సందర్భంలోనే.

ఈ భాగాలన్నీ మనసులో ఉంచుకుని ఇబ్బందిపడుతున్న సర్వర్ దగ్గరికి వద్దాం. మొదట చూడాల్సింది మెయిల్‌క్యూ కమాండ్. ప్రతి మెయిలుకూ ఐడీ, సైజు, వచ్చిన సమయం, పంపినవారు, ఇంకా అందనివారు, బ్రాకెట్లలో ఆగిన కారణం కనిపిస్తాయి. ఐడీ పక్కన నక్షత్రం గుర్తుంటే యాక్టివ్, ఆశ్చర్యార్థకం ఉంటే హోల్డ్. బ్రాకెట్లలోని ఆ వాక్యాన్ని చాలామంది దాటేస్తారు. కనెక్షన్‌కు గడువు తీరిందా, పేరుకు చిరునామా దొరకలేదా, అవతలివారు మన ఐపీని ఒప్పుకోవడం లేదా అన్నది అందులోనే రాసి ఉంటుంది.

రెండోది లాగ్ వరుసలో డిలేస్ అనే నాలుగు సంఖ్యలు. మొదటిది, మెయిలు వచ్చినప్పటి నుంచి చివరిసారి యాక్టివ్‌లో అడుగుపెట్టే దాకా పట్టిన సమయం. రెండోది, అక్కడి నుంచి కనెక్షన్ మొదలయ్యే దాకా. మూడోది, పేరు వెతకడం, పలకరింపు, గుప్తీకరణ కలిపి కనెక్షన్ కుదిరే దాకా. నాలుగోది, మెయిలు సాగనంపడానికి. 0.05/0.01/30/0 అని ఉంటే మన దగ్గర ఆలస్యం లేదు, అవతలి తలుపు దగ్గర ముప్పై సెకన్లు నిలబడి వెనక్కి వచ్చామన్నమాట. రెండోది పెద్దదైతే మన యాక్టివ్ కిక్కిరిసిందని. నాలుగోది పెద్దదైతే అవతల తీసుకోవడంలో నిదానం లేదా దారి ఇరుకు. మెయిలు ఆలస్యమైందన్న ఒక్క ఫిర్యాదును నాలుగు వేర్వేరు ప్రశ్నలుగా విడగొట్టిన తీరు ఇది.

మూడోది విక్టర్ దుఖోవ్నీ రాసిన క్యూషేప్. ఇది క్యూను పట్టికగా చూపిస్తుంది. అడ్డవరుసలు డొమైన్లు, నిలువు వరుసలు వయసు: 5 నిమిషాలు, 10, 20, 40, అలా రెట్టింపవుతూ 1,280 దాకా, ఆపై మిగిలినవన్నీ. పట్టిక ఆకారమే రోగాన్ని చెబుతుంది. డిఫర్డ్‌లో ఒకే డొమైను వరుస నిండి, వయసు కుడివైపు ముదిరిపోతే ఇబ్బంది ఆ డొమైనుది. నిన్నటిదాకా బాగున్న అనేక డొమైన్లు ఒక్కసారిగా ఎడమవైపు గడుల్లో చేరితే తప్పు మన దగ్గర వెతకాలి. డీఎన్‌ఎస్ పలకడం లేదేమో, 25వ పోర్టు మూసుకుపోయిందేమో, మన ఐపీ నిరోధ జాబితాకెక్కిందేమో. చాలా క్లౌడ్ సంస్థలు ఆ పోర్టును బయటికి మూసే ఉంచుతాయి.

అదే పట్టికను పంపినవారి డొమైన్ల ప్రకారం అడగవచ్చు. ఒక ఖాతాదారుడి డొమైను మిగతావాటిని మించి నిలబడితే పాస్‌వర్డ్ దొంగల చేతికి పోయిందేమో చూడాలి. పంపినవారి చోట తిరుగు కబుర్లకు వాడే మెయిలర్ డీమన్ పేరు నిండి ఉంటే, మన సర్వర్ లేని చిరునామాలకు కూడా మెయిలు తీసుకుని, తర్వాత దొంగ పేర్లకు తిరుగు కబుర్లు పంపుతోందని అర్థం. లేని చిరునామాను వాకిట్లోనే కాదంటే ఈ భారం ఉండదు.

డిఫర్డ్ మామూలుగా ఉండి యాక్టివ్ నిండితే లెక్క వేరు. బయటికి మోసే ప్రాసెస్‌లు మామూలుగా వంద. పలకని సర్వర్ దగ్గర ఒక్కోటీ 30 సెకన్లు ఆగితే నిమిషానికి పూర్తయ్యేవి 200 ప్రయత్నాలే. వేర్వేరు పలకని డొమైన్లకు వెళ్లాల్సిన మెయిళ్లతో 20,000 నిండితే ఒక చుట్టు తిరగడానికే వంద నిమిషాలు. ఆరోగ్యంగా ఉన్న గమ్యాలకు వెళ్లాల్సినవీ వాటి వెనకే ఆగుతాయి. దీనికి మందు, నిదానపు గమ్యాలకు విడిగా ఒక ట్రాన్స్‌పోర్ట్ ఏర్పాటుచేసి దానికి తన ప్రాసెస్‌ల కోటా, తన గడువులు ఇవ్వడం. మొండి మెయిళ్లను వేరే సర్వర్‌కు అప్పగించే ఫాల్‌బ్యాక్ రిలే ఇంకో దారి.

ఇక చేయి పెట్టాల్సిన వేళ. పోస్ట్‌క్యాట్ ఒక మెయిలు లోపలి రికార్డులను చూపిస్తుంది. పోస్ట్‌సూపర్ మెయిళ్లను హోల్డ్‌కు పంపుతుంది, విడుదల చేస్తుంది, చెరిపేస్తుంది. అనుమానమున్నవాటిని ముందు హోల్డ్‌లో పెడితే దర్యాప్తుకు తీరిక దొరుకుతుంది, పొరపాటైతే వెనక్కి తేవచ్చు. చెరిపినవి తిరిగి రావు. ఐనోడ్ ఆధారంగా పుట్టిన పొట్టి ఐడీలు మళ్లీ వాడుకలోకి వస్తాయి, కాబట్టి పాత జాబితా చూసి చెరిపితే కొత్త మెయిలు బలికావచ్చు. పోస్ట్‌ఫిక్స్ 2.9 నుంచి ఉన్న పొడవైన ఐడీలను అమర్చుకుంటే ఆ బెడద ఉండదు.

అన్నిటికంటే ఎక్కువమంది వాడేది ఫ్లష్, అంటే ఆగినవన్నీ ఇప్పుడే పంపమనడం. కారణం పోకముందే ఫ్లష్ చేస్తే పలకని గమ్యాలకు వెళ్లాల్సినవన్నీ ఒక్కసారిగా యాక్టివ్‌లో దిగుతాయి, బాగా వెళుతున్న మెయిళ్లూ ఆగిపోతాయి. పోస్ట్‌ఫిక్స్ పత్రాలే దీన్ని పదే పదే చేయొద్దని హెచ్చరిస్తాయి. ఒక మెయిలునో ఒక డొమైనునో మాత్రమే ఎంచుకుని ప్రయత్నించమనే వీలు ఉండనే ఉంది.

ఇన్ని ఏర్పాట్లలో ఒక్కటీ ఆడంబరానికి పెట్టినది కాదు. అనుమతిలో ఒక బిట్, ఫైలు మీది సమయం, రికార్డు మొదట ఒక అక్షరం, ఒక రీనేమ్: ఆపరేటింగ్ సిస్టమ్ ముందే ఇచ్చిన వాటితోనే వెనెమా ఇంత నమ్మకమైన కట్టడం కట్టారు. రాసిన పద్ధతి తేటగా ఉన్నందువల్లే చెడిన చోటూ తేటగా కనిపిస్తుంది. అందుకే మెయిల్ సర్వర్ బాధ్యత చూసే ప్రతివారికీ ఒక్కటే మనవి. సర్వర్ బాగున్న రోజున క్యూషేప్ పట్టిక తీసి దాచుకోండి, ఇబ్బంది వచ్చిన రోజున పోల్చుకోవడానికి పనికొస్తుంది. ఇబ్బంది వచ్చాక బ్రాకెట్లలోని కారణాన్నీ, లాగ్‌లోని నాలుగు సంఖ్యలనూ చదవకుండా ఏ మెయిలునూ చెరపకండి. కారణం సరిచేస్తే చాలు, మిగతా పని క్యూ తానే చేసుకుంటుంది.